ఓడిపోయిన గేమ్ కన్సోల్ ఎందుకు ఓడిందో పట్టుకోవడం ఎలా

పాత కన్సోళ్ల గురించి మాట కదిలితే చాలామంది బిట్ల దగ్గర మొదలుపెడతారు. దీనికి ఎన్ని బిట్లు, దానికి ఎన్ని మెగాహెర్ట్జ్‌లు, దేనిలో రంగులెక్కువ. మీరు ఆ పట్టికని ముందు పక్కన పెట్టేయండి. 1993 నవంబర్‌లో అటారీ జాగ్వార్ తనది 64 బిట్ల యంత్రమని ప్రకటనల్లో ఊదరగొట్టి మరీ వచ్చింది. రెండున్నర లక్షలు కూడా అమ్ముడుపోలేదు. 1989లో వచ్చిన గేమ్ బాయ్‌కి రంగులు లేవు, తెర వెనక లైటు లేదు. అది, దాని తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్ కలిపి పదకొండు కోట్లు దాటాయి. యంత్రం ఏం చేయగలదో పట్టిక చెబుతుంది. అది ఎందుకు అమ్ముడుపోలేదో మాత్రం చెప్పదు.

నేను ఏ కన్సోల్ గురించి చదివినా ఒకే ప్రశ్న పట్టుకుని వెళ్తాను. తయారుచేసిన కంపెనీ తన కష్టాన్ని ఎవరి నెత్తిన పెట్టింది? ఆట రాసే ప్రోగ్రామర్ మీదా, ఆ ఆటకు డబ్బు పెట్టే కంపెనీ మీదా, షాపువాళ్ల మీదా, కొనేవాళ్ల మీదా? ఈ నలుగురిలో ఇద్దరి మీద బరువు పడిందంటే ఆ యంత్రం ఎంత బలమైనదైనా దాని పని అయిపోయినట్టే.

దీన్ని ఒక కన్సోల్ మీద పూర్తిగా చేసి చూపిస్తాను. నేను తీసుకునేది సెగా శాటర్న్. నేను ఉద్యోగరీత్యా చిన్న చిన్న ప్రాసెసర్ బోర్డులకు కోడ్ రాస్తాను. ఇంట్లో బూడిద రంగు జపాన్ శాటర్న్ ఒకటి ఉంది. జపాన్ కరెంటు 100 వోల్టులు కాబట్టి దానికోసం కోఠి గుజరాతీ గల్లీలో ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. అది లేకుండా జపాన్ కన్సోల్‌ని మన ప్లగ్గులో పెట్టకండి, పవర్ సప్లై కాలిపోతుంది. మా అన్నయ్య కొడుకు దాని లోపలి బోర్డు చూసి, "అత్తా, దీంట్లో రెండు ప్రాసెసర్లున్నాయిగా, ప్లేస్టేషన్‌లో ఒకటేగా, మరి ఇదెలా ఓడిపోయింది?" అని అడిగాడు. ఈ వ్యాసమంతా వాడికి చెప్పిన జవాబే, కాస్త వరసలో పెట్టాను.

ముందు దేశం, తర్వాత తేదీ

కాగితం మీద మొదట రాయాల్సింది "ఎక్కడ ఓడింది?" అన్నది. కన్సోల్ ప్రపంచమంతటా ఒకేలా ఓడిపోదు. సెగా మెగా డ్రైవ్‌నే చూడండి. అమెరికాలో జెనెసిస్ పేరుతో సూపర్ నింటెండోకి చెమటలు పట్టించింది. సొంత దేశం జపాన్‌లో సూపర్ ఫ్యామికామ్ (సూపర్ నింటెండోకి జపాన్ పేరు), పీసీ ఇంజిన్‌ల వెనక మూడో స్థానంలో ఉండిపోయింది. అంతకుముందు సెగా తెచ్చిన మాస్టర్ సిస్టమ్‌ని అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు. బ్రెజిల్‌లో టెక్‌టాయ్ అనే కంపెనీ దాన్ని ఇంటింటికీ చేర్చింది, దశాబ్దాల పాటు అమ్మింది.

శాటర్న్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ప్రపంచం మొత్తం లెక్క తీస్తే శాటర్న్ 92.6 లక్షలు, ప్లేస్టేషన్ 10.2 కోట్లు. ఈ రెండంకెలు చూసి వదిలేస్తే అసలు కథ తప్పిపోతుంది. జపాన్‌లో శాటర్న్ 1994 నవంబర్ 22న వచ్చింది, ప్లేస్టేషన్ డిసెంబర్ 3న. ఆర్కేడ్లలో, అంటే డబ్బులు వేసి ఆడే గేమ్ సెంటర్లలో, జనం వరస కట్టి ఆడిన వర్చువా ఫైటర్ మొదటి రోజే శాటర్న్‌తో పాటు ఇంటికొచ్చింది. యంత్రం కొన్న ప్రతివాళ్లూ దాదాపు ఆ ఆట కూడా కొన్నారు. జపాన్‌లో శాటర్న్ మొత్తం అమ్మకాలు నింటెండో 64 కంటే కాస్త ఎక్కువే. అంటే యంత్రం చెడ్డదని కొట్టిపారేయడానికి లేదు. మనం వెతకాల్సింది అమెరికాలో, యూరప్‌లో ఏం జరిగిందన్నది.

ఇంకో విషయం కూడా ఈ మెట్టు దగ్గరే బయటపడుతుంది. మెగా డ్రైవ్ జపాన్‌లో నడవలేదు కాబట్టి టోక్యోలోని హెడ్ ఆఫీసు దృష్టి మొత్తం శాటర్న్ మీదకి మళ్లింది. అదే సమయంలో అమెరికాలో జెనెసిస్ ఇంకా డబ్బు తెస్తోంది. 1994 నవంబర్‌లో నింటెండో పాత సూపర్ నింటెండో మీదే డాంకీ కాంగ్ కంట్రీ అనే ఆట తెచ్చి పండగ సీజన్ ఊడ్చుకుపోయింది. పాత యంత్రానికి ఇంకా ఊపిరుందని దానికి తెలుసు. ఒక దేశం లెక్కతో ఇంకో దేశంలో నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో చూడాలంటే ఈ రెండు కంపెనీల 1994, 95 సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చదవండి.

షాపువాళ్లని మర్చిపోకండి

చాలా వ్యాసాల్లో కనపడని మనుషులు వీళ్లే. కన్సోల్ అమ్మేది షాపువాళ్లు. అలమరలో ఎంత జాగా ఇవ్వాలో, ఎవరి పోస్టర్ గుమ్మం ముందు కట్టాలో, అమ్మానాన్నలు వచ్చి "ఏది మంచిది?" అంటే ఏది చూపించాలో వాళ్ల చేతిలోనే ఉంటుంది.

1995 మే 11న లాస్ ఏంజెలిస్‌లో ఈ3 (E3) అనే వీడియో గేమ్‌ల వ్యాపార ప్రదర్శన మొట్టమొదటిసారి జరుగుతోంది. అమెరికాలో శాటర్న్ సెప్టెంబర్ 2న వస్తుందని సెగా అప్పటికే ఊరంతా చాటింది. ఆ రోజు సెగా ఆఫ్ అమెరికా అధినేత టామ్ కలిన్‌స్కే వేదికెక్కి, శాటర్న్ ఇప్పటికే షాపుల్లో ఉందని, ధర 399 డాలర్లని ప్రకటించారు. ముందుగా వచ్చి ప్లేస్టేషన్‌ని దెబ్బ కొట్టాలన్నది జపాన్ హెడ్ ఆఫీసు ఆలోచన. అదే రోజు సోనీ వంతు వచ్చింది. సోనీ తరఫున స్టీవ్ రేస్ మైకు దగ్గరికి వెళ్లి "299" అని ఒక్క మాట అని దిగిపోయారు. ప్లేస్టేషన్ ధర 299 డాలర్లని అర్థం.

ఈ 299 కథ అందరూ చెబుతారు, వినడానికి బాగుంటుంది కూడా. నా దృష్టిలో అంతకంటే పెద్ద దెబ్బ ఆ రోజు షాపుల్లో తగిలింది. యంత్రాలు చాలినన్ని లేక సెగా నాలుగు చెయిన్ స్టోర్లకే సరుకు పంపింది. టాయ్స్ ఆర్ అస్‌కి వెళ్లింది, వాల్‌మార్ట్‌కి వెళ్లలేదు, బెస్ట్ బైకి వెళ్లలేదు. కేబీ టాయ్స్‌కి కూడా వెళ్లలేదు, వాళ్లకి ఎంత మండిందంటే శాటర్న్‌నే అమ్మబోమని తేల్చేశారు. సెప్టెంబర్ కోసం జాగా సిద్ధం చేసుకుంటున్న షాపువాళ్లకి పక్క షాపులో అదే సరుకు కనపడితే ఎలా ఉంటుంది?

ఆటల కంపెనీలదీ అదే గోడు. బయటి కంపెనీలన్నీ సెప్టెంబర్‌ని లెక్కేసుకుని పని చేస్తున్నాయి. మేలో అలమరలో ఉన్నవి అరడజను ఆటలు, అన్నీ సెగా ప్రచురించినవే. వేసవి అంతా కొత్త ఆటలు చుక్క చుక్కగా వచ్చాయి. సెప్టెంబర్ 9న ప్లేస్టేషన్ వచ్చేటప్పటికి సెగాకి దొరికిన ఆ నాలుగు నెలల ముందంజ ఎందుకూ కొరగాలేదు. అదే కాగితం మీద రెండు వరసలు రాయండి: షాపువాళ్ల మీద పడ్డ బరువు, ఆటల కంపెనీల మీద పడ్డ బరువు. నలుగురిలో ఇద్దరు ఒక్క రోజులోనే దెబ్బతిన్నారు.

ప్రోగ్రామర్ కుర్చీలో కూర్చోండి

ఇక మా మేనల్లుడి ప్రశ్న. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, నాకు బాగా ఇష్టమైన భాగం ఇది.

శాటర్న్‌లో 28.6 మెగాహెర్ట్జ్ హిటాచీ ఎస్‌హెచ్-2 ప్రాసెసర్లు రెండున్నాయి. కానీ ప్రధాన మెమరీకి వెళ్లే దారి రెండింటికీ ఒక్కటే. ఒకటి మెమరీలోంచి ఏదో తెచ్చుకుంటుంటే రెండోది ఆగాలి. ఒక్కో ప్రాసెసర్‌కి 4 కిలోబైట్ల క్యాష్, అంటే పక్కనే ఉండే చిన్న సొంత మెమరీ, ఉంటుంది. అంటే రెండోదానితో నిజంగా పని చేయించుకోవాలంటే ఆ పనిని ఆ 4 కిలోబైట్లలో ఇమిడేలా కోసి ఇవ్వాలి, మళ్లీ మొదటిదానితో సమయం కుదిరేలా చూడాలి. ఇలాంటి పని ఇప్పుడు మంచి టూల్స్ చేతిలో ఉండి కూడా నాకు టెన్షన్ పెడుతుంది. 1995లో ఒక చిన్న టీమ్, క్రిస్మస్‌కి ఆట అందించాలి, సెగా నుంచి లైబ్రరీలు (ముందే రాసిపెట్టిన కోడ్) ఇంకా సరిగా రాలేదు, ప్రాసెసర్ ఆదేశాలు ఒక్కొక్కటిగా రాసే అసెంబ్లీ భాషలో రాసుకోవాలి. చాలామంది ఏం చేస్తారు? రెండో ప్రాసెసర్‌ని దాదాపు ఖాళీగా వదిలేస్తారు. చేశారు కూడా.

బొమ్మ గీసే చిప్పులు కూడా రెండు. వీడీపీ1 ముందుండే బొమ్మలు గీస్తుంది, వీడీపీ2 వెనక పొరలు గీస్తుంది. వీడీపీ1 నాలుగు మూలల ముక్కలతో పని చేస్తుంది. త్రీడీ ప్రపంచం అప్పటికే మూడు మూలల ముక్కల వైపు వెళ్లిపోయింది, టూల్స్ అన్నీ వాటికోసమే తయారవుతున్నాయి. వేరే యంత్రానికి చేసిన ఆటని శాటర్న్‌కి మార్చాలంటే బొమ్మల్ని మళ్లీ కట్టుకోవాల్సి వచ్చేది.

ప్లేస్టేషన్‌లో 33.8 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒకటే. త్రీడీ లెక్కలు చేసే భాగం దాని పక్కనే అదే చిప్పులో ఉంది. గీసేది త్రిభుజాలు. సోనీ లైబ్రరీలు ఇచ్చింది, సీ భాషలో రాసుకోమంది. కెన్ కుతరాగి బృందం చేసిన ఈ యంత్రం కాగితం మీద శాటర్న్ కంటే చిన్నగా కనపడుతుంది, కానీ దానిలో ఉన్న బలం మొదటి ఆట నుంచే బయటికొచ్చింది. శాటర్న్ బలం సెగా సొంత టీమ్‌లకి, ఇంకా కొద్దిమందికి మాత్రమే చిక్కింది. కాబట్టి స్పెక్ షీట్ చదివేటప్పుడు ప్రతి అంకె పక్కనా "ఇది వాడుకోవడానికి ఎంత పని?" అని రాసుకోండి.

ఇది కళ్లతో కూడా చూడొచ్చు. శాటర్న్ మీద ఏదైనా ఆటలో నీడ, పొగ, గాజు లాంటివి ఉన్నచోట ఆపి చూడండి. వీడీపీ1 గీసిన సగం పారదర్శకమైన బొమ్మ వీడీపీ2 పొర మీద సరిగా కలవదు. అందుకని చాలా ఆటల్లో ఒక చుక్క గీసి ఒక చుక్క వదిలేశారు. మా పాత ట్యూబ్ టీవీకి పసుపు పిన్ను కేబుల్‌తో పెడితే ఆ చుక్కలు ఒకదాంట్లో ఒకటి కరిగి నిజంగా పల్చటి నీడలా కనపడతాయి. అదే యంత్రాన్ని ఆర్‌జీబీ కేబుల్‌తో కన్వర్టర్ మీదుగా ఎల్‌సీడీకి పెట్టండి, నీడ చదరంగం గళ్లలా విడిపోతుంది. ఆ రోజుల టీవీ ఎలాంటిదో లెక్కలోకి తీసుకుని గీసిన బొమ్మ అది.

తర్వాత ప్లేస్టేషన్ ఆట ఏదైనా పెట్టి, నేల దగ్గరగా కనపడేలా నడవండి. గచ్చు మీది గీతలు వంగిపోతాయి, గోడ మూలలు వణుకుతాయి. దూరాన్ని బట్టి బొమ్మని సరిచేసే లెక్క దానిలో లేదు, మూలలు కూడా పూర్తి చుక్కల మీదే కూర్చుంటాయి. గెలిచిన యంత్రానికీ కంటికి కనపడే లోపాలున్నాయి. ఎవరైనా బొమ్మ బాగుండకే శాటర్న్ ఓడిందంటే వాళ్లకి ఈ రెండూ పక్కపక్కన చూపించండి.

(పాత శాటర్న్ కొంటే వెనక చిన్న మూత తీసి సీఆర్2032 బ్యాటరీ మార్చండి. అది అయిపోతే ఆన్ చేసినప్పుడల్లా తేదీ అడుగుతుంది, సేవ్ చేసుకున్న ఆటలు చెరిగిపోతాయి.)

ధర ఒకసారి చూసి వదలకండి

అమ్మకానికొచ్చిన రోజు ధర రాసుకున్నాక, తర్వాత ఏడాదిన్నర ఎలా దిగిందో కూడా రాయండి. శాటర్న్ 1995 అక్టోబర్‌లో 299కి దిగింది. 1996 మేలో ప్లేస్టేషన్ 199కి వెళ్లింది, సెగా కూడా వెంట దిగాల్సొచ్చింది. అన్ని చిప్పులున్న బోర్డు తయారుచేయడానికే ఖర్చెక్కువ. సోనీ సీడీ డ్రైవులు తనే చేసుకునే కంపెనీ, బోర్డుని ఏటేటా చిన్నది చేసుకుంటూ పోయింది. ధర తగ్గించడం ఒకరికి ఎత్తుగడ, ఇంకొకరికి నష్టం. ఈ తేడా ధరల పట్టికలో కనపడదు, బోర్డు చూస్తేనే తెలుస్తుంది.

కొన్నవాళ్ల పాత బిల్లులు తీయండి

అన్నిటికంటే లోతైన గాయం ఇదని నా నమ్మకం. 1992లో అమెరికాలో జెనెసిస్‌కి తగిలించే సెగా సీడీ 299 డాలర్లకు వచ్చింది. 1994 నవంబర్‌లో 32ఎక్స్ అనే ఇంకో తగిలింపు, 159 డాలర్లు. ఆరు నెలలకే శాటర్న్, 399. 32ఎక్స్‌కి ఆటలు నలభై దగ్గరే ఆగిపోయాయి. ఒక పిల్లవాడి తండ్రి 1994 క్రిస్మస్‌కి 32ఎక్స్ కొనిచ్చాడనుకోండి. మరుసటి ఏడాది వేసవికి ఆ పెట్టెకి దిక్కు లేదు. ఆయన మళ్లీ 399 డాలర్లు తీసి సెగా చేతిలోనే ఎందుకు పెడతాడు?

ఈ మెట్టు మీద నిలబడితేనే శాటర్న్ తర్వాత సెగా తెచ్చిన కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ అర్థమవుతుంది. చాలామందికి అది పెద్ద చిక్కుప్రశ్న, ఎందుకంటే సెగా అప్పటికి పాఠాలన్నీ నేర్చుకుంది. 1999 సెప్టెంబర్ 9న అమెరికాలో 199 డాలర్లకు, మంచి ఆటలతో, ప్రోగ్రామర్లకు తేలికైన బోర్డుతో, ఇంటర్నెట్ మోడెమ్‌తో సహా వచ్చింది. మొదట బ్రహ్మాండంగా అమ్ముడైంది. అయినా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద ఆటల కంపెనీ దానికి ఒక్క ఆట కూడా చేయలేదు. కొనేవాళ్లలో చాలామంది ప్లేస్టేషన్ 2 కోసం ఆగారు, అది డీవీడీ సినిమాలు కూడా ఆడిస్తుంది. 2001 జనవరి 31న సెగా కన్సోళ్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. డ్రీమ్‌కాస్ట్ మొత్తం 91.3 లక్షల దగ్గర ఆగింది. డ్రీమ్‌కాస్ట్ కష్టాల లెక్కని అది జపాన్‌లో వచ్చిన 1998లో మొదలుపెడితే తేలదు, 32ఎక్స్ దగ్గర మొదలుపెట్టాలి. నాకు ఆ యంత్రమంటే చాలా ఇష్టం, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆట దేనిమీద అమ్మారో చూడండి

ఇది త్వరగా చెప్పేస్తాను, నింటెండో 64 ఒక్కటి చూస్తే చాలు. 1996లో నింటెండో సీడీ వద్దని క్యాట్రిడ్జ్‌తోనే, మన పిల్లలు క్యాసెట్ అనేదానితోనే, ఉండిపోయింది. ఆట వెంటనే లోడవుతుంది, నకిలీ చేయడం కష్టం, ఇవి నింటెండోకి లాభం. సూపర్ మారియో 64 మొత్తం 8 మెగాబైట్లలో ఇమిడింది. సీడీలో 650 మెగాబైట్లు పడతాయి. 1997 జనవరిలో జపాన్‌లో ఫైనల్ ఫాంటసీ 7 మూడు సీడీల మీద ప్లేస్టేషన్‌కి వచ్చింది, అంతకుముందు ఆ వరసలోని ప్రధాన ఆటలన్నీ మొదట నింటెండో యంత్రాల మీదే వచ్చాయి. క్యాట్రిడ్జ్‌లు తయారవడానికి వారాలు పడుతుంది, ఖరీదెక్కువ, ఎన్ని అమ్ముడవుతాయో ముందే ఊహించి ఆర్డరివ్వాలి, మిగిలిపోతే నష్టం ఆటల కంపెనీది. సీడీ అయితే చవగ్గా, రోజుల్లో మళ్లీ వేయించుకోవచ్చు. బరువు మళ్లీ ఆటల కంపెనీ మీదే. నింటెండో 64 మొత్తం 3.29 కోట్లు అమ్ముడైంది. శాటర్న్ పక్కన పెద్ద అంకే, ప్లేస్టేషన్‌లో మూడో వంతు.

మన ఊళ్లకి ఈ లెక్క ఎంతవరకు వర్తిస్తుంది

మన దగ్గర తొంభైల్లో పిల్లలు సెగానా సోనీనా అని కొట్టుకున్నది తక్కువ. చాలా ఇళ్లలో టీవీ గేమ్ అంటే నింటెండో పాత కన్సోల్ ఫ్యామికామ్‌కి నకలుగా తయారైన పెట్టె, రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక గన్ను, కాంట్రా, మారియో ఉన్న పసుపు క్యాసెట్. అసలు కంపెనీ ఏదో చాలామందికి తెలియదు. తర్వాత ప్లేస్టేషన్ వచ్చినప్పుడు కూడా కాపీ సీడీలు నడిచేలా చిప్పు వేయించిన యంత్రాలే ఎక్కువ తిరిగాయి. ఇక్కడ గెలుపు ఓటములు తేల్చింది ఒకటే: ఆట ఎంత చవగ్గా దొరుకుతుంది? కాబట్టి మీ చిన్నప్పటి అనుభవాన్ని బట్టి ప్రపంచంలో ఏది గెలిచిందో తేల్చకండి, అమెరికా లెక్కలు చూసి మన వీధిలో ఏం జరిగిందో కూడా తేల్చకండి. రెండింటికీ రెండు కాగితాలు పెట్టుకోండి.

సమాచారం ఎక్కడ వెతకాలి అంటారా, ఆనాటి మాసపత్రికల ప్రకటనలు, కంపెనీల వార్షిక నివేదికలు ముందు చూడండి. ఇరవై ఏళ్ల తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూలు ఆ తర్వాత. పాత ఉద్యోగులు ఇప్పుడు చెప్పే మాటల్లో ఎవరి తప్పన్నది ఎవరు మాట్లాడుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. జపాన్ ఆఫీసువాళ్ల కథ ఒకటి, అమెరికా ఆఫీసువాళ్ల కథ ఇంకోటి. రెండింట్లోనూ కనపడే తేదీలు, ధరలు మాత్రమే ముందు రాసుకోండి.

మొదటిసారి చేసేవాళ్లు శాటర్న్ అంత పెద్దది తీసుకోకండి, 3డీఓతో మొదలుపెట్టండి. 1993 అక్టోబర్‌లో అమెరికాలో వచ్చింది, ధర 699 డాలర్లు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్థాపించిన ట్రిప్ హాకిన్స్ పెట్టిన కంపెనీ అది. ఆటల కంపెనీల దగ్గర ఒక్కో ఆటకి మూడు డాలర్లే తీసుకుంటామన్నారు, కాబట్టి వాళ్లకి హాయి. యంత్రం తయారుచేసేది మాత్రం 3డీఓ కాదు, పానాసోనిక్ లాంటి వేరే కంపెనీలు. ఆటల డబ్బులో వాళ్లకి వాటా లేదు, లాభం పెట్టె మీదే రావాలి. నలుగురి పేర్లూ కాగితం మీద రాసి, ఆ 699 డాలర్ల బరువు ఎవరి మీద పడిందో మీరే గుర్తు పెట్టండి.